సిగ్నల్ మింగిన చెయ్యి

ఫోను పట్టుకోగానే సిగ్నల్ పోగొట్టే చేతులను మణికట్టు దగ్గర విప్పి మునిసిపాలిటీలో అప్పగించాలని తంగెళ్లగట్టు పట్టణంలో ఉత్తర్వు వచ్చింది గనుక, సాయవ్వ ఆ రోజు వీధులూడ్చడం ముగించి, ముఖం కడుక్కొని, తన ఎడమ చేతిని అప్పగించడానికి బయలుదేరింది. దారిలో జామపండ్ల బండి దగ్గర ఆగి ఎట్లుంటుందని అడిగింది. బండాయన నిన్ననే ఇచ్చి వచ్చాడట. నొప్పేమీ లేదట, బల్బు విప్పినట్టే ఉంటుందట. ఒంటిచేత్తో పండ్లు తూచడమే కొంచెం తిప్పలట.

ఇందులో వింత ఏమీ లేదు. ఉత్తర్వుకు ముందు పద్ధతి ప్రకారం విచారణ జరిగింది. ఊడ్చేవాళ్లకు మునిసిపాలిటీ ఇచ్చిన ఫోన్లలో పొద్దున్నే ముఖం చూపిస్తే హాజరు పడాలి. సున్నంబట్టి వాడలో చాలా నెలలుగా పడటం లేదు. తెర మీద ఒక చక్రం తిరిగి తిరిగి ‘మీరు రాలేదు’ అని చెబుతుంది. వాడంతా ఊడ్చి, చెమట కారుతూ, చీపురుతో ఎదురుగా నిలబడ్డ మనిషికి మీరు రాలేదు అని చెబుతుంది. రాని మనిషికి జీతం ఎట్లా ఇస్తారు? ఇవ్వలేదు.

అందుకని కమిటీ వేశారు. ఫోను తయారుచేసినవాళ్లు ఫోనులో లోపం లేదన్నారు. టవరు వాళ్లు టవరులో లోపం లేదన్నారు. సున్నంబట్టి వాడలో టవరు అంటే మలుపు దగ్గరున్న శంకుస్థాపన పలక. దానిమీద ఇనుప ముక్క కూడా లేవలేదు. అయినా పలకమీద టవరు అని చెక్కి ఉంది కాబట్టి అది టవరే. కమిటీ పెద్దమనిషి ఆ పలకను చేతిరుమాలుతో తుడిచి, పగుళ్లేమీ లేవని తేల్చాడు. ఆ తర్వాత ఫోనును కమిషనర్ గదిలో టేబుల్ మీద పెట్టి చూశారు. నాలుగు గీతలూ నిండుగా వచ్చాయి. ఫోను మంచిది, టవరు మంచిది, టేబుల్ మంచిది. ఇక మిగిలినవి చేతులే.

సాయవ్వ చేతిమీద నేరం తొందరగానే రుజువైంది. ఆమెది ఎడమచేతి వాటం. ఊడ్చేటప్పుడు చీపురుకట్ట మొదలుకు చిటికెనవేలు అడ్డం పెట్టడం ఆ పనిచేసేవాళ్ల అలవాటు. లేకపోతే ఈనెలు వెనక్కి జారి కట్ట వదులైపోతుంది. ఫోనును కూడా ఆమె అట్లాగే పట్టింది. చిటికెనవేలు కింద అడ్డం, మిగతాది అరచేతిలో బిగి. సిగ్నల్ అందుకునే తీగ ఆ ఫోనుకు సరిగ్గా కిందనే ఉంది. అంటే ఆమె చిటికెనవేలు ప్రభుత్వ సిగ్నల్‌ను మింగుతోందన్నమాట. నివేదికలో ‘మింగుట’ అనే రాశారు.

మూతపడ్డ గ్రంథాలయంలో చేతుల సవరణ కేంద్రం తెరిచారు. పుస్తకాలుండిన అరల్లో ఇప్పుడు చేతులున్నాయి, ఒక్కో అరకు ఒక్కో చెయ్యి, ముందర ఒక్కో చెక్క ఫోను. కిటికీ దగ్గర కూర్చున్న అటెండరు సాయవ్వ మణికట్టు చుట్టూ కొబ్బరినూనె రాసి తిప్పాడు. రాలేదు. పనిచేసిన చేతులు బిగుసుకుపోయి ఉంటాయని, ఆఫీసర్ల చేతులైతే ముట్టుకుంటేనే వచ్చేస్తాయని చెప్పి, మోకాలు ఆనించి మళ్లీ తిప్పాడు. అప్పుడు వచ్చింది.

సవరణ అధికారి మురహరి ఆ చేతిని తీసుకొని బోర్లించి చూశాడు.

“మల్ల ఎప్పుడిస్తరు సారూ?” అని సాయవ్వ అడిగింది.

“పద్ధతి నేర్చుకున్నంక.”

“దానికి పద్ధతి ఎర్కనే సారూ. నేను పెండ్లిచేసుకొని ఈ ఊరికొచ్చినకాన్నుంచి ఊడుస్తంది.”

“ఊడ్చే పద్ధతి కాదమ్మా, పట్టుకునే పద్ధతి. నెలాఖరుకు వేళ్లకు పాలిష్ పెడతం. పాలిష్ పడ్డంక ఇగ తప్పు చెయ్యమన్నా చెయ్యదు.”

నెలాఖరులోగా ఆ చెయ్యి తనకు తిరిగి రావాలి, అదీ తను ఇచ్చినది ఇచ్చినట్టుగా రావాలి. సాయవ్వ మనసులో అంతకుమించి ఇంకో ఆలోచన లేదు.

మరునాటి నుంచి ఆమె హాజరు పడటం మొదలైంది. కేంద్రంలో అటెండరు రోజూ పొద్దున ఆమె చేతిని ఫోను ముందర పెడతాడు. గ్రంథాలయం కమిషనర్ ఆఫీసు వెనకే ఉంది కాబట్టి సిగ్నల్ దండిగా ఉంటుంది. ‘మీరు వచ్చారు, ధన్యవాదాలు’ అని వస్తుంది. ముఖం అక్కర్లేదా అని సాయవ్వ అడిగితే, ముఖంతో ఎవరూ ఊడవరు కదా అన్నాడు వార్డు జవాను ఓదేలు. నిజమే. అక్కడ చెయ్యి హాజరులో ఉంటే, ఇక్కడ సాయవ్వ చీపురుకట్టను చంకలో ఇరికించుకొని, కుడిచేత్తో తోసుకుంటూ, వీధికి ఇటుపక్క మాత్రం ఊడ్చింది. అటుపక్క మిగిలింది. నూటికి నూరు శాతం హాజరున్న వార్డులో చెత్త ఉండే వీలు లేదు గనుక, ఆ మిగిలిన చెత్తను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆమె తోటి కార్మికురాలు భూలక్ష్మి చెయ్యి అందరికంటే ముందు సవరణ పూర్తిచేసుకొని ఇంటికొచ్చింది. వాడంతా చూడటానికి వెళ్లింది. చెయ్యి నున్నగా మెరుస్తోంది. ఫోను ఇస్తే రెండు వేళ్ల కొసలతో, చిటికెనవేలు గాలిలోకి లేపి, దొరసాని టీకప్పు పట్టినట్టు పట్టింది. అందరూ బాగుందన్నారు. తర్వాత భూలక్ష్మి చీపురు పట్టబోయింది. చీపురు జారి కిందపడింది. మళ్లీ పట్టింది, మళ్లీ పడింది. అన్నానికి కూర్చుంటే ఆ చెయ్యి ముద్ద కలపలేదు. ఒక మెతుకును రెండు వేళ్లతో ఎత్తిపట్టుకొని అట్లాగే ఉంది, గీతలు వస్తాయేమోనని చూస్తున్నట్టు.

“ఏం గాదులే అక్కా, కుడిచెయ్యి ఉన్నది గద” అని భూలక్ష్మి నవ్వబోయి ఆగిపోయింది. ఆమె కుడిచేతిని కూడా ముందుజాగ్రత్తగా వచ్చే వారం తెచ్చి ఇవ్వమని కేంద్రం నుంచి కబురొచ్చింది.

సాయవ్వ ఆ సాయంత్రమే మురహరి దగ్గరికి పోయి, కుర్చీ ఎదుట నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“నా చెయ్యి తప్పు జేసిందంటున్నరు. మీ టేబులు తప్పు జెయ్యదంటున్నరు. గట్లయితె గా టేబులును మా వాడకు తోలుండ్రి సారూ. మేం నిలబడే కాడ దాని మీద ఫోను పెట్టుండ్రి. గీతలొస్తె నా చెయ్యి మీరే ఉంచుకోండ్రి, పాలిషే పెట్టుకుంటరో, గోడకే కొట్టుకుంటరో. రాకపోతె నా చెయ్యి నాకియ్యాలె.”

మురహరి ఆ మాటలను కాగితం మీద రాసుకొని రెండుసార్లు చదివాడు. తప్పుబట్టడానికి అందులో ఏమీ కనిపించలేదు. టేబుల్‌ను ఆఫీసు దాటించాలంటే దానికి ఆన్ డ్యూటీ ఇవ్వాలి. ఇచ్చారు. మోయడానికి మాత్రం మనుషులు లేరన్నారు. మోయడానికి మేమున్నమని సాయవ్వ అన్నది.

పొద్దుపొడుపున ఒంటిచేతి ఆడవాళ్లు నలుగురు కమిషనర్ గదిలోకి వచ్చి, టేబుల్‌కు నాలుగు మూలలా నిలబడ్డారు. ఒక్కో మూలకు ఒక్కో చెయ్యి చాలింది. ముందర సాయవ్వ. బజారులో టేబుల్‌ను దింపకుండా నడిచారు. జామపండ్లాయన బండి పక్కకు జరిపి, టేబుల్ ప్రభుత్వానిది గనుక, లేచి నిలబడ్డాడు. మురహరి వెనకాల నడుస్తూ, అడుగడుగుకీ గోడలకు తగలనీయకండి, పాలిష్ పోతుంది అని చెబుతూనే ఉన్నాడు.

సున్నంబట్టి వాడ మలుపులో, శంకుస్థాపన పలక పక్కనే, టేబుల్‌ను దింపారు. ఓదేలు ఫోను తీసి, ఊపిరి బిగబట్టి, దాని నడిమధ్యన పెట్టాడు. చక్రం తిరిగింది. అందరూ వంగి చూశారు. చక్రం తిరుగుతూనే ఉంది. గీత లేదు. అర గీత కూడా లేదు. కాసేపటికి ఫోను తీరుబడిగా ‘మీరు రాలేదు’ అని చెప్పింది. అంత దూరం మోసుకొచ్చిన టేబుల్ ఎదురుగా ఉండగానే చెప్పింది.

భూలక్ష్మి చప్పట్లు కొట్టబోయింది. రెండో చెయ్యి సహకరించలేదు.

“సూస్తిరా సారూ” అన్నది సాయవ్వ. “ఇగ నా చెయ్యి ఇయ్యుండ్రి.”

మురహరి టేబుల్ చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. వంగి కిందికి చూశాడు. ఒక కాలును వేలితో తట్టి, చెవి ఆనించి విన్నాడు. మనిషి అబద్ధమాడటానికి తంటాలు పడటం లేదు. తను చూసినదాన్ని నిజంగానే నమ్ముతున్నాడు. అదే భయం.

“టేబుల్ కూడా పాడైంది” అన్నాడు చివరికి. “మీ చేతులు తగిలినయి గద దారిపొడుగునా. అలవాటు అంటుకున్నది.”

“మరి నా చెయ్యో?”

“ఓడింది టేబులమ్మా. టేబులు ఓడితే నీ చెయ్యి గెలిచినట్టెట్ల అయితది?”

వడ్రంగిని పిలిపించి అక్కడికక్కడే టేబుల్ కాళ్లు నాలుగూ విప్పించాడు. సవరణకు పంపాలి కదా. సాయవ్వ చూస్తూ నిలబడింది. టేబుల్ బోడిగా నేలమీద చదునుగా పడుకొని ఉంది. దానిమీద ఫోను పెట్టారు. అప్పుడూ గీత లేదు.

“ఇగ భూమిని గూడ ఇప్పుతరా సారూ?” అని సాయవ్వ అడిగింది.

“అది మా శాఖ కాదు” అన్నాడు మురహరి శాంతంగా. “రెవెన్యూకు రాయాలె.”

కాళ్లను కేంద్రానికి మోయడానికి మళ్లీ మనుషులు లేకపోయారు. సాయవ్వ రెండింటిని చంకలో పెట్టుకుంది, మిగతా రెండు భూలక్ష్మి నెత్తికెత్తింది. రుజువు చూపిస్తే ఒప్పుకుంటారని సాయవ్వ ఇన్నేళ్లూ అనుకుంది. పిచ్చిది. రుజువును కూడా విప్పి అరలో పెట్టే అధికారులున్నప్పుడు, అడిగి తెచ్చుకునేది ఏదీ ఉండదు. అయితే చెయ్యి తనది. తనది తను తెచ్చుకోవడానికి ఎవరి దయ కావాలి?

కేంద్రంలో ఆమె నేరుగా అరల దగ్గరికి నడిచింది. మిగతా చేతులన్నీ చిటికెనవేళ్లు గాలిలోకి లేపి, చెక్క ఫోన్లను ముద్దుగా పట్టుకొని వరసగా ఉన్నాయి. తన చెయ్యి ఒక్కటే కిందనుంచి చిటికెనవేలు అడ్డం పెట్టి, పళ్లు బిగబట్టినట్టు బిగించి ఉంది. దాని చెక్క ఫోను నిలువునా పగిలింది. సాయవ్వ దాన్ని తీసి మణికట్టుకు ఆనించి తిప్పుకుంది. నూనె అవసరం పడలేదు.

అటెండరు కంగారుపడి లేచాడు. ఆపడానికి కాదు. చెయ్యి తీసుకుపోతే ఏం చెయ్యాలన్నది ఉత్తర్వులో లేదు కాబట్టి ఆపే పని అతనిది కాదు.

“తీస్కపోతె తీస్కపో గని అక్కా, అర ఖాళీ ఉండొద్దు. రేపు పొద్దున నీ పేరుమీద ఏం జూపియ్యాలె నేను?”

సాయవ్వ అటూ ఇటూ చూసి, చంకలోని టేబుల్ కాళ్లలో ఒకదాన్ని తీసి అరలో నిలబెట్టింది. “గిది జూపియ్యి.”

చూపించాడు. నాలుగు గీతలూ నిండుగా వచ్చాయి. ‘సాయవ్వ గారూ, మీరు వచ్చారు, ధన్యవాదాలు’ అని ఫోను చెప్పింది.

అప్పటినుంచి అంతా సవ్యంగా నడుస్తోంది. సాయవ్వ తన చేత్తో వీధికి రెండు పక్కలా ఊడుస్తుంది, టేబుల్ కాలు ఆమె పేరుమీద హాజరవుతుంది. ఒక్క పూట కూడా ఆలస్యం కాలేదు, సెలవడగలేదు, ఎదురు మాట్లాడలేదు, ధర్నాలో కూర్చోలేదు. పంద్రాగస్టు నాడు దానికి ఉత్తమ కార్మికురాలి శాలువా కప్పారు. ఆ సభకు మైదానం ఊడ్చింది సాయవ్వే. శాలువా కప్పుతుంటే అందరితోపాటు రెండు చేతులా చప్పట్లు కొట్టింది. అదే వేదికమీద ఇంకో మాట కూడా చెప్పారు. ఇన్నేళ్ల చాకిరీలో సాయవ్వ అవుట్‌సోర్సింగ్ దాటలేదు. కాలును పర్మినెంట్ చేశారు.

పర్మినెంట్ ఉద్యోగికి రోజూ దుమ్ము దులపడానికి ఒక మనిషి కావాలి. ఆ పని చేస్తావా అని సాయవ్వనే అడిగారు. ఓదేలుకు కోపమొచ్చింది. కట్టెకు ఊడిగం చేస్తవా అక్కా అన్నాడు. కేంద్రం తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని సాయవ్వ అడిగింది. దుమ్ము దులిపేవాళ్ల దగ్గరే అన్నాడు. అయితే చేస్త అన్నది.

పొద్దున వాడ ఊడ్చి, ఆమె కేంద్రానికి వెళుతుంది. కాలును తుడుస్తుంది. వచ్చేటప్పుడు పాలిష్ పడని చెయ్యి ఒకటి ఆమె కొంగులో వస్తుంది. దాని అరలో ఇంకో కాలు నిలబడుతుంది, స్టూలుదో, బెంచీదో, కుర్చీదో. హాజరుకు లోటేమీ లేదు. మునిసిపాలిటీ ఆఫీసులో కుర్చీలూ బల్లలూ ఒక్కొక్కటే నేలకు దిగుతున్నాయి. మురహరి చాపమీద కూర్చొని పనిచేస్తున్నాడు, కమిషనర్ కూడా అంతే. నేలమీద సిగ్నల్ ఇంకా బాగా అందుతోందని వాళ్లిద్దరూ అనుకుంటున్నారు. చేతులు తిరిగొచ్చినవాళ్లు పొద్దున్నే సాయవ్వతో కలిసి వాడలోకి దిగుతారు. భూలక్ష్మికి వచ్చిన చెయ్యి ఇక మారదు. అందుకని ఆమె కుడిచేతిని ఇవ్వడానికి వెళ్లలేదు. పిలిచినప్పుడల్లా రాకుండా, ఆ చేత్తోనే ఊడుస్తోంది.

మలుపు దగ్గర శంకుస్థాపన పలకను మాత్రం సాయవ్వ తనే ఊడుస్తుంది, చిటికెనవేలు అడ్డం పెట్టి, గట్టిగా. పలకమీద పెద్దల పేర్లు తళతళ మెరుస్తుంటాయి. సున్నంబట్టి వాడకు సిగ్నల్ ఇంకా రాలేదు. దానిమీద మళ్లీ కమిటీ వేశారు. ఈసారి లోపం వినేవాళ్ల చెవుల్లో ఉందని తేలేటట్టుంది. ఉత్తర్వు ఇంకా రానేలేదు, ఊళ్లో జనం అప్పుడే చెవుల చుట్టూ కొబ్బరినూనె రాసుకుంటున్నారు.