మస్తానమ్మ సంచిలో మూడు రొట్టెలు

పొద్దున్నే ఎండుచేపల బుట్టల మీద గోనెపట్టా కప్పుతూ మస్తానమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. విడవలూరులో బస్సెక్కి నెల్లూరు పోవాలి. రొట్టెల పండగలో చెరువు నీళ్లలో నిలబడి ఒక చదువు రొట్టె అందుకోవాలి. దాన్ని ఇంటికి తెచ్చి కూతురు స్వర్ణ చేత తినిపించాలి. అంతే.

స్వర్ణకు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి పాత కాలేజీలో నాలుగేళ్ల కోర్సు, అచ్చంగా ఇంజనీరింగే. ఇంకొకటి కొత్త కాలేజీలో అయిదేళ్లు, ఇంజనీరింగూ బిజినెస్సూ కలిపి. తండ్రి పడవ ఇంజను చప్పుడు విని జబ్బేమిటో చెప్పే స్వర్ణకు మొదటిది కావాలి. "రెండు డిగ్రీలు చేతిలో పెడతామంటే ఒకటి చాలంటావేమే!" అని తండ్రి కామాక్షయ్య రెండోదాని మీద పట్టుబట్టాడు. వాదించి వాదించి అలిసిపోయాక ఇద్దరూ ఆ భారం తెచ్చి మస్తానమ్మ నెత్తిన పెట్టారు. ఆమె ఏదంటే అదే. ఆ సాయంత్రంలోగా చెప్పెయ్యాలి.

ఏడో తరగతిలో బడి మానేసిన మస్తానమ్మను ఇంత పెద్ద సంగతి ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ముందు సంతోషంతో కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ వెంటనే భయం పట్టుకుంది. నాలుగేళ్లది చదివితే ఉద్యోగం రాదేమో. అయిదేళ్లది చదివితే సరిగ్గా ఆ అయిదో ఏడు సముద్రం ముందుకొచ్చి కాలేజీని ముంచేస్తుందేమో.

తాము ఫోన్‌లో చెప్పిన సీటు నొక్కడానికి స్వర్ణను నెట్ సెంటరులో కూర్చోబెట్టి, భార్యాభర్తలు బయల్దేరారు. కోడలికి సంతాన రొట్టె తేవాలని పక్కింటి దుర్గ కూడా బస్సెక్కింది.

చెరువులో మోకాటి లోతు నీళ్లలో జనమే జనం. కిందటేడు మొక్కుకుని కోరిక తీరినవాళ్లు రొట్టెలు తెచ్చి ఇస్తున్నారు. కోరిక ఉన్నవాళ్లు అడిగి పుచ్చుకుంటున్నారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె అంటూ ఒకటే కేకలు. మస్తానమ్మ కొంగు నెత్తిన కప్పుకుని ఒకామె ముందు నిలబడింది.

"చదువు రొట్టె ఉండాదా తల్లీ?"

"తీసుకో అక్కా. మా పాప నర్సింగ్ పాసైంది."

చాచిన చేతులు వెనక్కి వచ్చేశాయి. "నర్సింగా? వద్దులే. మా పిల్ల సూదిని చూస్తేనే పడిపోద్ది."

ఇంజనీరింగ్ రొట్టె కోసం వెతగ్గా వెతగ్గా ఒక పెద్దమనిషి దొరికాడు. "మా వాడు ఇంజనీరింగ్ పాసైనాడమ్మా."

"ఒక్క తడవకే పాసైనాడా అన్నా?"

"రెండు సబ్జెక్టులు మిగిలితే మళ్లీ రాసినాడు."

"మిగలకుండా పాసైనోళ్ల రొట్టె..."

"ఏమే, ఇది చేపల బేరమా? పుచ్చుకో!" అని కామాక్షయ్య కసిరాడు. పుచ్చుకుంది. అతను అక్కడితో ఆగలేదు. "వ్యాపారం రొట్టె కూడా తీసుకో. రేపు నువ్వు అయిదేళ్లదే అంటే? బిజినెస్సులో పిల్ల తప్పుతుంది గదా."

తప్పుతుందన్న మాట చాలు, మస్తానమ్మకు చెమటలు పట్టడానికి. చేతినిండా ఉంగరాలున్న వ్యాపారి దగ్గర రెండో రొట్టె తీసుకుంది. ఈలోగా దుర్గ తన సంతాన రొట్టెను కూడా ఆ సంచిలోనే వేసి, చెరువు గట్టు మీది దర్గాలో దణ్ణం పెట్టుకుని వస్తానని వెళ్లింది. మస్తానమ్మ సంచి మొగుడికిచ్చి కాళ్ల బురద కడుక్కోవడానికి పోయింది.

తిరిగొచ్చేసరికి సంచిలో రెండే ఉన్నాయి. కామాక్షయ్య మూతి తుడుచుకుంటున్నాడు.

"పొద్దున్నుంచీ కడుపు మాడతా ఉంటే ఒకటి తిన్నా. ఏంది అట్టా చూస్తావు?"

"ఏ రొట్టె తిన్నావు?"

"గుండ్రంగా ఉండింది."

అప్పుడే వచ్చిన దుర్గ సంగతి అర్థం చేసుకుని గట్టు మీద కూలబడి గొంతెత్తింది. "ఓరి నాయనో, నా మనవణ్ణి మింగేసినాడే!"

మనవడు, మింగడం అన్న మాటలు చెవిన పడ్డవాళ్లు చెరువు వైపు పరుగెత్తారు. గజ ఈతగాళ్లు నీళ్లలో దూకారు. "బాబుది ఏం రంగు చొక్కా?" అని పోలీసాయన అడిగాడు. "ఇంకా పుట్టలేదయ్యా!" అని దుర్గ ఏడ్చింది. కాసేపటికి మైకు మోగింది. "భక్తులు కంగారు పడొద్దు. నీళ్లలో ఎవరూ పడలేదు. విడవలూరు కామాక్షయ్య గారు సంతాన రొట్టె తిన్నట్టు అనుమానం, అంతే."

చెరువంతా గొల్లుమంది. నవ్వు తగ్గాక అందరికీ జాలేసింది. దుర్గకు ఇద్దరు రెండు సంతాన రొట్టెలిచ్చారు. కవలలని ఆమె కళ్లు తుడుచుకుంది. మిగిలినవాళ్లు మస్తానమ్మ సంచిలో ఇంటి రొట్టె, పెళ్లి రొట్టె, విదేశాల రొట్టె, ఎవరికి తోచింది వాళ్లు వేశారు.

సరిగ్గా అప్పుడే స్వర్ణ ఫోన్ చేసింది. "అమ్మా, సర్వర్ మొరాయిస్తా ఉండాది. ఇప్పుడే తెరుచుకుంది, మళ్లీ తెరుచుకుంటుందో లేదో. ఏదో ఒకటి చెప్పు!"

మస్తానమ్మ సంచిలోకి చూసింది. అన్నీ ఒకేలా ఉండే రొట్టెలు. చదువేదో, వ్యాపారమేదో, పిల్లను పదహారు రోజుల పండగకు లాక్కుపోయే పెళ్లేదో తెలియదు. అన్నీ ఉన్నాయి, చెయ్యి పెట్టి తీయడానికి ఒక్కటీ పనికిరాదు.

"రెండూ కలిపిందే చెప్పు!" అని చెవిలో కామాక్షయ్య.

"కలిపేది ఇంక నా ఇంట్లో వద్దు!" మస్తానమ్మ అరుపుకు ఈతగాళ్లు మళ్లీ నీళ్ల వైపు చూశారు. "కలిపి పెట్టినందుకే గదా ఏది ఏదో తెలవక చస్తా ఉండా! స్వర్ణా, నీకు ఇంజన్లు కావాలి గదా? అదే నొక్కు! ఆ ఒక్కటే నొక్కు!"

ఫోన్‌లోంచి వచ్చిన కేక గట్టు మీదవాళ్లందరికీ వినిపించింది. "నొక్కేసినానమ్మా! వచ్చేసింది! సీటు ఖాయం!" ముక్కూ మొహం తెలియని జనం చప్పట్లు కొట్టారు. మస్తానమ్మ కూడా కొట్టింది. భయపడాలన్న సంగతి బస్సెక్కేదాకా ఆమెకు గుర్తే రాలేదు.

బస్సులో మొగుడి మొహం చూసి మెల్లిగా అడిగింది. "ఏమయ్యా, నీ మాట కాదన్నానని కోపమా?"

"కోపమెందుకే?" కామాక్షయ్య పొట్ట నిమురుకున్నాడు. "రొట్టె ఎట్టాగూ తినేసినా. ఆ బిజినెస్సు కోర్సులో మనకు పుట్టబోయేవాణ్ణి చేర్పిద్దాంలే."

ఆ రోజు నుంచి మస్తానమ్మ కామాక్షయ్యకు పడక పడవలోనే వేసింది.