పద్నాలుగు మంది ఐక్యత

వారింగా క్రీక్ బడిలో ఉపాధ్యాయ సంఘం ఆ మంగళవారం అమాంతం బలపడింది. ఆరేళ్లుగా ఖాళీగా ఉన్న ప్రతినిధి పదవికి నాలుగో తరగతి టీచరు గ్లెనిస్ పార్ఫిట్ ఏకగ్రీవంగా ఎన్నికైంది. ఆ సమయంలో ఆవిడ మైదానంలో పిల్లల్ని కాస్తోంది గనక, ఆవిడ ఇష్టాయిష్టాలు అడిగి ఎవరూ సభా సమయాన్ని వృథా చెయ్యలేదు.

గ్లెనిస్ ఏది అప్పజెప్పినా నిజంగానే చేసే రకం. సంఘం పంపిన బ్యాడ్జీ పెట్టుకుంది. సభ్యుల సమస్యలు వెల్లువెత్తాయి: ఫ్రిజ్‌లో ఒకరి పెరుగు మరొకరు తింటున్నారు, నీడపట్టున కారు పెట్టే చోటు కబ్జా అయింది. అన్నీ శ్రద్ధగా రాసుకుంది. ఈలోగా ఆవిడ రేకుల గదిలో కూలర్ చెడిపోయి, నలభై మూడు డిగ్రీల ఎండకి ఎలోడీ అనే పిల్ల లెక్కలు చేస్తూ చేస్తూ బల్ల మీదికి ఒరిగిపోయింది.

గ్లెనిస్ ప్రిన్సిపాల్ డెస్మండ్ క్రెల్ దగ్గరికి వెళ్లింది.

"మీలాంటి ప్రతినిధి దొరకడం మా అదృష్టమండీ. విషయం పరిశీలనలో ఉంది," అన్నాడాయన.

"ఎప్పట్నుంచి?"

"ఇప్పట్నుంచే!"

శుక్రవారం భోజనాల వేళ అందరం కలిసి ఆయన గదికి వెళదామని సంఘ సభ్యులతో అంది గ్లెనిస్. పద్నాలుగు చేతులూ లేచాయి. ఆటల మాస్టారు బ్రెంటన్ బల్ల గుద్ది, "మనది ఒకే గొంతు! అది ఎవడికీ వణకదు!" అని గర్జించాడు.

శుక్రవారం ఒకరికి పన్ను సలిపింది. ఒకరికి జిరాక్సు మిషను అప్పుడే ఖాళీ దొరికింది. బ్రెంటన్‌కి గొంతు పోయింది.

గ్లెనిస్ ఒక్కతే వెళ్లింది.

"మిగతావాళ్లేరీ?" అన్నాడు డెస్మండ్, చల్లటి గదిలో వెనక్కి వాలి.

"తెస్తానుండండి," అని వెళ్లి, తన ఇరవై ఆరుగురు పిల్లల్నీ తీసుకొచ్చి తివాచీ మీద కూర్చోబెట్టింది. "ఇక్కడ హాయిగా ఉంది. ఇక రోజూ పాఠాలు ఇక్కడే చెబుతా. ఊఁ, ఏడో ఎక్కం!"

పిల్లలు పన్నెండో ఎక్కానికి వచ్చేసరికి ఆయన ఫోనందుకున్నాడు. సోమవారానికల్లా కొత్త కూలర్ బిగించారు.

సభ్యుల ఆనందానికి హద్దుల్లేవు. లామింగ్టన్ కేకులు తెచ్చారు. గొంతు తిరిగొచ్చిన బ్రెంటన్, "పోరాడాం, గెలిచాం!" అన్నాడు. సంఘ పత్రికకి ఫొటో కావాలని పద్నాలుగు మందీ కూలర్ ముందు పిడికిళ్లెత్తి నిలబడ్డారు.

"అందరం వచ్చామా, గ్లెనిస్?" అని కేకేశాడు బ్రెంటన్.

"ఆఁ, ఇవాళ అందరూ వచ్చారు," అంటూ గ్లెనిస్ కెమెరా నొక్కింది.