విజయవంతంగా వెలగని బోర్డు

ఆ పొద్దున పని చిన్నదే. రంగుల కార్ఖానా మేస్త్రీ వచ్చేలోగా, అద్దకం డ్రమ్మును తిప్పే ప్రోగ్రామును కొత్త బోర్డు మీది చిప్పులోకి ఎక్కించి చూపాలి. నచ్చితే ఆర్డరు ఖాయం. లేకపోతే అది మరో షాపుకు పోతుంది. ఇంటి ముందు గదిలోనే షాపు నడుపుతున్న బావ దేవుడి పటానికి దండం పెట్టుకున్నాడు. చిప్పుల సంగతి దేవుడు పట్టించుకుంటాడా అన్న అనుమానం ఉన్నా, దండం మాత్రం ఎప్పుడూ మానలేదు.

బావమరిది కేబులు కంప్యూటరుకు తగిలించి ప్రోగ్రాం ఎక్కించాడు. తెర మీద ‘విజయవంతం’ అని వచ్చింది. బోర్డు మీద ఒక్క దీపమూ వెలగలేదు.

"ఎక్కిందంటోంది బావా!"

"ఎక్కితే వెలిగి ఏడవదేం? మళ్లీ ఎక్కించు."

మళ్లీ విజయం, మళ్లీ చీకటి. బావ కరెంటు పెట్టె మార్చాడు. బావమరిది చిప్పు ఊడదీసి కొత్తది అతికించాడు. విజయాలు పెరిగాయి గాని వెలుగు రాలేదు.

"ఏమండీ!" లోపలినుంచి అక్క కేకేసింది. "వాషింగ్ మెషీను పూనకమొచ్చినట్టు అటూ ఇటూ తిరుగుతోంది. నీళ్లు వదలదు, తలుపు తియ్యనివ్వదు!"

"బట్టలు కుక్కేసుంటావ్."

"నిన్న మీరు బాగుచేశాకే దీనికీ తిక్క!"

"స్విచ్చాపి మళ్లీ వెయ్యక్కా," అన్నాడు తమ్ముడు.

ఆమె వేసింది. "ఆ, ఇప్పుడు కుదురుగానే ఉంది!"

ఇక్కడ బావమరిది మరోసారి మీట నొక్కాడు.

"అయ్యో, మళ్లీ మొదలెట్టిందిరా!"

అతని వేలు మీట మీదే ఆగిపోయింది. బల్ల కిందికి దూరి చూస్తే, కంప్యూటరుకు తగిలించిన కేబులు గోడ కన్నంలోంచి అవతలి గదిలోకి పోతోంది. నిన్న మెషీనులో అదే రకం చిప్పు వేసిన బావ కేబులు తీయడం మరిచాడు. కొత్త బోర్డు కేబులు అదే రంగులో, కొస ఖాళీగా, పక్కనే వేలాడుతోంది.

"పొద్దుట్నించీ నేను మెషీనుకు అద్దకం నేర్పిస్తున్నా బావా."

సరిగ్గా అప్పుడే మేస్త్రీ గుమ్మంలోకి వచ్చాడు. చెవి రిక్కించి, నేరుగా లోపలికి నడిచాడు.

"ఇది మా డ్రమ్ము నడకే కదండీ! నీళ్లు పోసి, బట్టలేసి మరీ చూపిస్తున్నారే! మిగతావాళ్లు దీపాలు చూపించి పంపేశారు."

అబద్ధంతో ఆర్డరు తీసుకోవచ్చా అని బావ ఒక్క క్షణం తటపటాయించాడు. "అది మా ఇంటి వాషింగ్ మెషీనండీ. పొరపాటున…"

"మీరు మరీ మొహమాటస్తులు. ఆర్డరు మీకే. కాకపోతే నాకీ మెషీనులో ఉన్న బోర్డే విప్పి ఇవ్వాలి. కళ్లారా చూశాను."

మెషీను బోర్డు అతనితోనే వెళ్లింది. సాయంత్రం అక్క ఇద్దరి ముందూ చెరో బకెట్టు తడిబట్టలు ఉతకమని పెట్టింది. విజయవంతమో కాదో ఆరేశాక తానే చెబుతానంది.