ముసల్లం కాకా కన్ను మూసి తెరచిన దినము

ఎడారి దేశములన్నియు పెనములవలె కాగి పొగలు గ్రక్కుచుండగా, తానొక్కతియే తడిచీర కట్టుకొని కొబ్బరితోపుల నడుమ చలికి వణకు ఒమాను దేశపు సలాలా నగరమున, కొండలు పచ్చబడి, మబ్బులు వీధిదీపముల మెడలు కౌగిలించుకొని, ఒక్క చినుకును చూచుటకై గల్ఫు నలుమూలలనుండి వచ్చిన కార్లు బారులు తీరియుండు ఖరీఫ్ అను తుంపరవానల కాలమున, ఒకానొక గురువారపు ప్రాతఃకాలమున, రైసూత్ పోవు బాటప్రక్క చాయ్ హోటలునందు జరిగిన మహాసంగ్రామమును వినిపించెదను. సావధానులై వినుడు. ఈ యుద్ధమున గజములు లేవు, తురగములు లేవు. ఒంటె మాత్రము ఒకటి కొంతసేపు కలుగజేసుకొన్నది. రక్తము చిందలేదు. చాయ్ చిందినది.

రైసూత్ పారిశ్రామికవాడలో ఒక టైల్సు గోదాము కలదు. కలదు అనరాదు, ఉండెడిది. ఆ గోదాము సింహద్వారమున ఏండ్లకేండ్లు కావలి కాచిన ఒమానీ వీరుడు ముసల్లం. నెరసిన గడ్డమువాడు, తలపాగా మడత చెదరనివాడు, పిల్లలు పెద్దలు అందరిచేత ‘కాకా’ అని పిలువబడువాడు. దేవతలు రెప్పవేయరని పెద్దలు చెప్పగా విన్నాము. గేటుకడ ముసల్లం కాకా రెప్పవేయడని కంపెనీవారందరు కన్నులార చూచిరి. ఒకమారు ఇసుకగాలి లేచి, మేనేజరు మొదలు క్లీనరు వరకు అందరును మోచేతుల మాటున ముఖములు దాచుకొనగా, ఆ అనిమేషనేత్రుడు మాత్రము గేటునడుమ శిలాస్తంభమువలె నిలిచి, ఎదురుగా వచ్చు లారీ నంబరును చదివి, గట్టిగా పలికి, లోనికి విడిచెను.

ఆయనకు ప్రాణమిత్రుడు లచ్చన్న. నిర్మల్ జిల్లా నుండి వచ్చి అదే గోదామున ఫోర్క్‌లిఫ్టు రథమునకు సారథియై, టైల్సు పెట్టెలను పువ్వులవలె ఎత్తి పువ్వులవలె దింపిన ఘనుడు. ప్రతిదినము పదిగంటల చాయ్ వేళ వీరిరువురు గేటు ప్రక్క గట్టుపై కూర్చుండి మాటలాడుకొనెడివారు. అందుచేత ముసల్లం నోట అరబ్బీ, హిందీ, నిర్మల్ తెలుగు మూడును కలిసి ప్రవహించుచుండును.

అట్టి గోదాము ఒకనాడు మూతపడెను. దుందుభులు మ్రోగలేదు, వీడ్కోలు సభ జరుగలేదు. మేనేజరు అందరి ఫోన్లకు ‘ఖలాస్’ అను ఒకేయొక మాటను పంపి ఊరు విడిచెను. లచ్చన్నను వేరొక కంపెనీ రమ్మన్నది గాని, వీసా మార్పు కాగితము ఇంకను రాలేదు. ముసల్లం స్వదేశీయుడగుటచే, పని పోయినవారికి ప్రభుత్వమిచ్చు భృతికి అర్హుడయ్యెను. ఫోనులోని యాపునందు దరఖాస్తు పెట్టిన చాలును. దానికి గడువు ఆ గురువారము మధ్యాహ్నముతో ముగియనుండెను.

ఇది తెలిసిన లచ్చన్న, కాకాను వెదకి పట్టుకొని, తాము తరచుగా చాయ్ త్రాగు హోటలునకు ఈడ్చుకొని వచ్చెను. అచ్చట వంటయేలిక రషీదున్నీసా. కడప జిల్లా రాయచోటి ఆమె జన్మభూమి. గరిటె ఆమె ఆయుధము. నోరు అంతకంటె పదునైన ఆయుధము.

“కాకా, దరఖాస్తు పెట్టినవా లేదా?” అని లచ్చన్న అడిగెను.

“లేదు.”

“ఎందుకు పెట్టలే?”

“పని లేదు. పని లేకుంట పైసా తీస్కునుడు మంచిగుండది లచ్చన్నా.”

ఇట్లని ముసల్లం లేచి నిలిచి, భుజముపై తువాలును వెనుకకు విసరి, చేయి చాచి, అరబ్బీలో ఒక మహోపన్యాసము చేసెను. లచ్చన్నకు అందులో మూడవవంతు మాత్రమే తెలిసినది. మన భాషలో అది యిట్లుండును:

“ఓయి మిత్రమా! నా తండ్రి కొండలమీద ఒంటెలను కాచెను. నేను గోదాములో టైల్సును కాచితిని. తోడేలు వచ్చినను దొంగ వచ్చినను మా వంశమున ఎవ్వరును వెనుకంజ వేయలేదు, కాచిన దినమునకే కూలి పుచ్చుకొన్నాము. గేటు లేని కావలివానికి, కాచుటకు ఈగయైనను లేనివానికి, భృతి ఎందులకు? మిర్బాత్ నుండి బేరగాడు సాయంత్రము వచ్చుచున్నాడు. నా ఆడ ఒంటెను, ఫర్హాను, అతనికి ఇచ్చివేసెదను. దానితో కొంతకాలము గడచును!”

ఫర్హా పేరు వచ్చినంతనే ఆ గంభీరకంఠము చలికాలపు పాత స్కూటరువలె ఒకసారి ఆగి, మరల అందుకొన్నది. ఆ ఒంటె పుట్టినప్పుడు కాకా గోదామంతటికి మిఠాయి పంచిన సంగతి లచ్చన్నకును రషీదున్నీసాకును తెలియును.

“గట్లనకు కాకా,” అనెను లచ్చన్న. “ఇది బిచ్చం గాదు. నెలనెల నీ జీతంల కోసిండ్రు గదా. పని పోయిననాడు ఇయ్యనీకనే కోసిండ్రు. నీ చెమట నీకే మల్ల వస్తది. నాకు గిట్ల ఇస్తమంటె గీడికెల్లి ఏర్‌పోర్టు దాక ఎగురుకుంట పోతుంటి. నాకు లేదాయె. నీకున్నది. ఉన్నోడు వద్దంటె, లేనోని కడుపుల ఎట్లుంటదో సూడు.”

రషీదున్నీసా వంటింటి గుమ్మమున గరిటెతో ప్రత్యక్షమయ్యెను. “ఏమప్పా కాకా, ఒంటెను అమ్మితే మల్లా వస్తాదా? రేప్పొద్దున దాని మొగం గుర్తొచ్చి నువ్వు ఈడ కూర్చోని ఏడిస్తే, నేను చాయ్ పోసి ఓదార్చాల్నా? పెట్టప్పా దరఖాస్తు. మొండికేయబాక.”

ఇరుప్రక్కల నుండి ముట్టడింపబడిన ఆ వృద్ధసింహము నిట్టూర్చి కూర్చుండెను. “యల్లా, కానియ్. ఫోన్ తీయి.”

ఇట్లు యుద్ధము మొదలయ్యెను. వ్రేలు లచ్చన్నది, చదువుట ముసల్లంది. పేరు, ఊరు, పాత కంపెనీ, ఒకదాని వెనుక ఒకటిగా కోటలు కూలిపోయెను. ఓటీపీ వచ్చినంతనే లచ్చన్న దానిని గ్రద్దవలె పట్టి గూటిలో వేసెను. విజయము చేరువైనదని ఇరువురును మురియుచుండగా, ఫోను తెరపై తెల్లని వలయమొకటి వెలసి, అందుండి యంత్రకంఠమొకటి “నీ ముఖమును చూపుము!” అని గద్దించెను.

ముసల్లం ముఖమును చూపెను. యంత్రము “వెలుతురు చాలదు” అని పలికెను. నిజమే, మబ్బు కమ్మిన ఆ ఉదయమున హోటలు లోపల ఎండ జాడయైనను లేదు. ఇరువురును లేచి, బయట కొబ్బరిబొండాల బడ్డీ ప్రక్కన నిలిచిరి. సన్నని తుంపర పడుచుండెను. లచ్చన్న ఎడమచేత తన తువాలును ఛత్రముగా పట్టి, కుడిచేత ఫోనును ధ్వజమువలె ఎత్తెను.

యంత్రము కొంతసేపు ఆలోచించి, “ఒకటికంటె ఎక్కువ ముఖములు కనబడుచున్నవి” అని పలికెను.

లచ్చన్న వెనుకకు జరిగెను. “మల్ల జూడు.” యంత్రము మరల అదే మాట చెప్పెను. అప్పుడు లచ్చన్న తలయెత్తి చూడగా, బాటవెంట పచ్చిక మేయుచు వచ్చిన ఒంటె యొకటి, ముసల్లం భుజముమీదుగా మెడ చాచి, దవడలు పక్కకు కదల్చుచు, అత్యంత శ్రద్ధతో వలయములోనికి చూచుచుండెను.

“కాకా, ఇది గూడ పని పోయినట్టున్నది. దరఖాస్తు పెడ్తదట.”

ఆ ఉదయము ముసల్లం నవ్విన మొదటి నవ్వు అది. ఆయన ఒంటె మూతిని మెల్లగా నెట్టి, దాని భాషలో ఏదియో చెప్పగా, అది తనకు ఎవరి భృతియు అక్కరలేదన్నట్లు తోకయూపి పోయెను.

వలయము శుభ్రమయ్యెను. వెలుతురు కుదిరెను. అప్పుడు యంత్రము తన తూణీరమునందలి కడపటి బాణమును తీసెను: “కన్నులు మూసి తెరువుము.”

ముసల్లం చూచుచుండెను.

“కండ్లు మూయ్ కాకా.”

“మూసిన.”

“ఏడ మూసినవ్? బుగ్గలు గదిలినయ్. కండ్లు గట్లనే ఉన్నయ్.”

యంత్రము ఎఱ్ఱబడి, పరీక్ష తప్పినదని ప్రకటించెను. మరల ప్రయత్నించిరి. ముసల్లం నుదురు ముడివేసెను, మీసము కదిల్చెను, తలను క్రిందికి వంచెను. ఆ రెండు కన్నులు మాత్రము దుర్గద్వారముల కాగడాలవలె వెలుగుచునే యుండెను. లచ్చన్న తువాలు తీసివేయగా తుంపర ముఖముపై పడెను. చినుకొకటి సూటిగా కనుపాపపైనే పడి, పరాభవము పొంది, చెంపమీదుగా జారిపోయెను. రెప్ప కదలలేదు.

“ఇటు రాండి, నేను చూస్తా,” అని రషీదున్నీసా వారిని వంటింటిలోనికి పిలిచి, ట్యూబులైటు క్రింద నిలిపి, మూకుడులో నూనె కాచి, గుప్పెడు ఎండుమిరపకాయలు వేసెను. ఆహా, ఏమని చెప్పుదును ఆ ధూమాస్త్ర ప్రతాపమును! లచ్చన్న దగ్గి దగ్గి రెండుగా మడతపడెను. బయట చాయ్ త్రాగుచున్నవారు గ్లాసులు ఒలకబోసికొని రోడ్డుమీదికి పరుగిడిరి. ప్రయోగించిన యామెయే కొంగు ముక్కునకు అడ్డుపెట్టుకొనెను. ముసల్లం కన్నులనుండి కన్నీరు ధారలుగా కారి గడ్డమును తడిపెను. విప్పారిన కన్నులు విప్పారినట్లే యుండెను.

“నా జన్మలో ఇట్లాంటి కండ్లు చూళ్లేదప్పా,” అని రషీదున్నీసా ఓటమిని ఒప్పుకొని పొయ్యి ఆర్పెను.

యంత్రము కఠినముగా పలికెను: “ఇంకొక అవకాశమే మిగిలియున్నది. తప్పినచో ఆఫీసునకు స్వయముగా రావలెను.” ఆఫీసు నగరమునకు ఆవలి కొసన ఉన్నది. ఆ దారియంతయు ఖరీఫ్ యాత్రికుల కార్లతో నిండియున్నది. మధ్యాహ్నములోగా అచ్చటికి చేరుట పక్షులకే సాధ్యము.

ఎన్నడును కోపపడని లచ్చన్నకు కోపము వచ్చెను. “ఎందుకు మూస్తలేవ్ కాకా? ఇంటికాడ పండుకుంటలేవా? ఫర్హాను అమ్మాల్నని ఉన్నదా నీకు?”

ముసల్లం తువాలుతో గడ్డము తుడుచుకొని, మెల్లగా అనెను: “నిలబడి ముందటికి చూస్తే, గేట్ ముందట ఉన్నట్టే ఉంటది లచ్చన్నా. కన్ను దానికదే నిలబడతది. దినాం రాత్రి డ్యూటీవాడు వస్తడు. సలాం చెప్తడు. ‘నువ్వు పో, నేనున్న’ అంటడు. అప్పుడు నేను పోత. ఆఖరు దినం ఎవరు రాలే. మెసేజ్ వచ్చింది, మంది పోయిండ్రు. నేను తాళం వేసి చానాసేపు ఆడనే ఉన్న. డ్యూటీ ఖలాస్ అని నాకు ఎవరు చెప్పిండ్రు?”

లచ్చన్న కోపమంతయు ఆ మాటతో దిగిపోయెను. తాను ఆనాడు గోదాము నుండి బస్సులో వెడలిపోయెను, గేటుకడ కాకా ఒంటరిగా నిలిచియుండుట అద్దములోనుండి చూచెను, చేయి యూపెను, అంతే. దిగి ఒక్కమాట చెప్పి రావలెనని తోచనే లేదు.

అతడు ఫోనును రషీదున్నీసా చేతికిచ్చెను. “అక్కా, వలయంల కాకా మొకం ఉండేటట్టు జర పట్టుకో.” అంతట ఆ ఫోర్క్‌లిఫ్టు సారథి చొక్కా గుండీలు పెట్టుకొని, తల దువ్వుకొని, ఆమె వెనుక నిటారుగా నిలిచి, గంభీరముగా పలికెను:

“అస్సలాము అలైకుం, కాకా. షిఫ్ట్ మారింది. నేనొచ్చిన.”

ముసల్లం అతనివంక చూచెను. ఇది హాస్యమా అని ఒక క్షణము వెదకెను. లచ్చన్న ముఖమున హాస్యము లేదు.

“గేట్ తాళం?” అని ముసల్లం అడిగెను.

“మంచిగ పడ్డది. నేను జూసిన.”

“లోపల లారీ ఉన్నదా?”

“ఒక్కటి గూడ లేదు. అన్ని పోయినయ్.”

“వెనక షెడ్‌ల పావురాలు పిల్లలు పెట్టినయ్.”

“వాటిని గూడ జూస్త. నువ్వు పో కాకా. నేనున్న.”

“వ అలైకుం అస్సలాం,” అనెను ముసల్లం. ఆ పెద్దాయన రొమ్ములోనుండి నిట్టూర్పొకటి వెలువడెను. భుజములు దిగెను. అంతట, సముద్రపు పోటు వెనుదీసినట్లు, సంతలో సాయంత్రము కొట్ల తలుపులు ఒకటొకటిగా వాలినట్లు, ఇసుకగాలికి వాలని, చినుకుకు వాలని, రాయచోటి మిరపధూమమునకు వాలని ఆ రెండు రెప్పలు మెల్లమెల్లగా దిగివచ్చి, క్రింది రెప్పలను తాకి, మూతపడెను!

యంత్రము ఆనందముతో గంట మ్రోగించెను. “తెరువుము!”

ముసల్లం తెరువలేదు.

“కాకా, తెరువు!”

“జర ఆగు,” అనెను ముసల్లం కన్నులు మూసికొనియే. “మంచిగున్నది.”

“నీకు దండం పెడ్త కాకా, తెరువే! వలయం తిరుగుతున్నది!”

“అప్పా, సాయిబూ, నాయనా, తెరువప్పా!” అని రషీదున్నీసా కేకవేసెను. కేక వేసినను ఆమె చేతిలోని ఫోను కదలలేదు.

ముసల్లం కన్నులు తెరచెను. తెరపై పచ్చని గుర్తొకటి విరిసెను. దాని క్రింద అరబ్బీలో ఒక వాక్యము వెలసెను. ముసల్లం దానిని చదివి, తలయెత్తి, సభకు వినిపించెను:

“దరఖాస్తు అందింది అంట. చూసి చెప్తం అంట.”

హోటలు దద్దరిల్లెను. రోడ్డుమీదికి పారిపోయినవారు తిరిగివచ్చి, ఏమి జరిగినదో తెలియకున్నను చప్పట్లు చరచిరి. రషీదున్నీసా అందరికి క్రొత్తగా చాయ్ పోసెను. ముసల్లం మిర్బాత్ బేరగానికి ఫోను చేసి, అరబ్బీలో రెండేరెండు మాటలు చెప్పి పెట్టివేసెను. అందులో రెండవది ఫర్హా పేరు. ఈమారు కంఠము ఆగలేదు.

“నీ కాగితం?” అని ఆయన లచ్చన్నను అడిగెను.

“ఇంక రాలే.”

ముసల్లం కుర్చీ లాగికొని అతని ప్రక్కన కూర్చుండెను. “నాకు ఇప్పుడు డ్యూటీ లేదు. వచ్చేదాక నీతోని కూర్చుంట.”

కావున, ఓ జనులారా, లోకమునకు చాటుడు! గురువారమునాడు, మధ్యాహ్నపు అజాను వినబడుటకు ముందే, గోదాము ద్వారపాలక సార్వభౌముడు, ఇసుకగాలుల గర్వమడచినవాడు, ఫర్హావల్లభుడు అగు ముసల్లం, ఫోర్క్‌లిఫ్టు సారథి లచ్చన్న సలామును పొంది, రషీదున్నీసా హస్తస్థైర్యము తోడుగా, రెండు కన్నులను ఒక్కసారి మూసి, ఒక్కసారి తెరచెను. భృతి వచ్చునో రాదో పైవారు చూచి చెప్పెదరు. రెప్ప మాత్రము పడినది. జయము! జయము! జయము!