తేలు కుట్టినా కిక్కురుమనని కోడు

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు తగ్గించడమెలాగా అని లోకమంతా బుర్ర బద్దలు కొట్టుకుంటోంది. పిచ్చి జనం! తగ్గించడమెందుకండీ, వాటి నోరు నొక్కేస్తే సరిపోదూ?

ప్రోగ్రామ్ నడుస్తూ నడుస్తూ 'ఇక నా వల్ల కాదు' అని పెట్టే కేకని ఎక్సెప్షన్ అంటారు. దాన్ని పట్టుకోవడానికి ట్రై-క్యాచ్ అనే వల ఉంది. పట్టుకున్నాక ఏం చెయ్యాలో కూడా రాయాలంటారు చాదస్తులు. నేను రాయను. పట్టుకుంటాను, మింగేస్తాను, త్రేన్పు కూడా బయటికి రాదు!

మా ఆఫీసు లిఫ్టుని నడిపే ప్రోగ్రామ్ నాదే. లైనుకో వల కట్టాను. తలుపు తెరవడానికొకటి, మూయడానికొకటి, రెండూ రెండూ కూడడానికి కూడా ఒకటి. అంకెలు ఎప్పుడు ఎదురు తిరుగుతాయో ఎవరికి తెలుసు? ఇన్ని వలల మధ్య అసలు పని ఎక్కడుందో నాకే కనబడదు. లిఫ్టు కూడా ప్రతి అంతస్తు దగ్గరా కాసేపు ఆలోచనలో పడుతుంది. పడనివ్వండి! విసిగిపోయి మెట్లెక్కేవాళ్ల ఆరోగ్యం బాగుపడింది కదా.

కోడు తనిఖీ చేసే మేడమ్‌కి మాత్రం ఇది గిట్టదు. "సరిచెయ్యగలిగితేనే పట్టుకోండి సార్. లేకపోతే అరవనివ్వండి, వినేవాళ్లు వింటారు," అందావిడ. వట్టి కడుపుమంట! ఏడాదంతా ఒక్క ఎర్రరూ చూపించనందుకు మొన్న పై అంతస్తులో కంపెనీవాళ్లు సన్మానం పెట్టింది నాకు, ఆవిడకి కాదు.

ఆ వైభవం కళ్లారా చూస్తానని మా అత్తగారు కూడా వచ్చారు. ఇద్దరం లిఫ్టెక్కాం. అది రెండంతస్తుల మధ్య ఆగిపోయింది.

అలారం నొక్కాను. ఆ మీటకీ వల కట్టానని నొక్కాక గుర్తొచ్చింది. అది మోగలేదు. మోగలేదన్న కబురూ ఎవరికీ పోలేదు. సెల్‌ఫోన్‌లో సిగ్నల్ లేదు. లిఫ్టు స్క్రీన్ మీద మాత్రం 'అంతా సవ్యం' అని పచ్చగా వెలుగుతోంది. కింద సెక్యూరిటీ గదిలోనూ అదే వెలుగుతుంటుంది, ఇక మాకోసం వచ్చేదెవరు?

పైన మైకులో నన్ను పిలిచారు. మళ్లీ పిలిచారు. చివరికి నా తరఫున సన్మానం మేడమ్‌ని అందుకోమన్నారు. చప్పట్లు కూడా వినబడ్డాయి! ఏడుపొచ్చింది. తలుపు బాదుతూ గొంతు చించుకుని అరిచాను.

అత్తగారు చెమట తుడుచుకుంటూ నన్నే చూశారు.

"అరవకండి బాబూ, గొంతు పోతుంది. ఇంతకీ ఈ లిఫ్టు ప్రోగ్రామ్ రాసిన మహానుభావుడెవరు?"

ప్రశ్నని పట్టుకున్నాను. మింగేశాను.

"స్క్రీన్ చూడండి అత్తయ్యగారూ, అంతా సవ్యమే," అన్నాను.