నాలుగే గంటల ప్రయాణం

కళ్ళజోళ్ళ కొట్టాయనకు భార్య, లెక్కల టీచరమ్మ, ఒక మాట తెగేసి చెప్పింది.

"అక్కను చూసి పన్నెండేళ్ళయింది. వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఆరు గంటలు దాటితే మాత్రం విమానం ఎక్కనండీ. నాకు భయం."

వదినగారి ఊరు పదమూడు వేల కిలోమీటర్లు. పదిహేను గంటల ప్రయాణం. విమానం పేరెత్తితే ఆయనకే హడలు. పన్నెండేళ్ళుగా "కొట్టెవరు చూస్తారు?" అని తప్పించుకు తిరిగిందీ ఆయనే. కానీ భార్య భయపడుతుంటే మొగుడన్నవాడు ధైర్యం చెప్పక చస్తాడా?

టికెట్టు చూడగానే ఉపాయం తట్టింది. ఎక్కేది ఉదయం తొమ్మిదికి, దిగేది అదే రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు. అక్కడి గడియారం పదకొండు గంటలు వెనక ఉంటుందన్న ముక్క మింగేశాడు.

"చూడు, నాలుగే గంటలు!"

"అంతేనా? అయితే సరే," అంది టీచరమ్మ.

లెక్కలు చెప్పే మనిషి ఇంత అమాయకంగా ఉందేమిటా అని ఆయన మురిసిపోయాడు.

విమానం లేస్తుంటే కళ్ళు మూసుకుని కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"వదలండి, అది నా చెయ్యి," అంది భార్య.

కళ్ళు తెరిస్తే, ఆమె ఎదుటి తెరమీద 'ఇంకా 12,900 కిలోమీటర్లు' అని మెరుస్తోంది. గబుక్కున దానిమీద రుమాలు కప్పాడు.

"ఏమిటండీ అది?"

"ఎండ కొడుతోంది."

"కిటికీ అటుంది కదా!"

ఆయన చేతి గడియారంలో ఒంటిగంట కొట్టింది. గుండె కూడా కొట్టుకుంది.

"దిగడమేనా?"

"కింద రద్దీగా ఉందిట. చుట్టూ తిరుగుతున్నాం."

రెండయింది. మూడయింది. రెండోసారి భోజనం వచ్చింది.

"దిగేముందు మళ్ళీ భోజనమా?"

"మిగిలినట్టుంది. పారెయ్యలేక పంచుతున్నారు."

ఇక అబద్ధాల సరుకు అయిపోయింది. చెమటలు కక్కుతూ వెనక్కి వెళ్ళి ఎయిర్ హోస్టెస్‌ను బతిమాలాడు.

"అమ్మా, మా ఆవిడకి భయం. ఇంకా ఎంత దూరముందో మైకులో చెప్పకండి."

ఆ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. "మేడమ్ ఎక్కగానే వచ్చి ఇదే చెప్పారు సార్. మా ఆయనకి భయం, టైమెంతని అడిగితే ఏదో ఒకటి చెప్పి సముదాయించండి అన్నారు."

తిరిగొచ్చేసరికి టీచరమ్మ రుమాలు మడతపెట్టి, తెరమీద సముద్రం చూస్తోంది.

"ఇంకా తొమ్మిది గంటలండీ. కూర్చోండి."

"నీకు తెలుసా?"

"పాతికేళ్ళుగా తీసివేతలు నేర్పుతున్నాను."

"మరి భయమన్నావు?"

"మన ఇద్దరిలో ఒకరు భయపడితేగానీ రెండోవారికి ధైర్యం రాదు కదా. నాకు భయమని చెప్పాక, కొట్టెవరు చూస్తారని ఒక్కసారైనా అన్నారా?"

అనలేదు. సరిగ్గా అప్పుడే విమానం గడగడా ఊగింది. ధైర్యం చెప్పాల్సిన పని తప్పిపోయిందేమో, దాచుకున్న భయమంతా ఒక్కసారి మీదికొచ్చింది. ఈసారి కళ్ళు తెరిచే, చూసి మరీ, భార్య చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె వదలమనలేదు. "తిరుగు టికెట్టు చూసి మాత్రం కంగారుపడకండి. లెక్కకి పాతిక గంటలు కనిపిస్తుంది. నిజానికి పద్నాలుగే."

ఆయన బిక్కమొహం వేసుకుని, పక్కవాళ్ళకు వినబడకుండా అడిగాడు.

"నిజంగా పద్నాలుగేనా? నాకు భయమని అలా చెబుతున్నావా?"