ఏడు కాకులూ ఒక వాటర్ ట్యాంకూ

బొమ్మలు వేసే ప్రతి మనిషీ తక్షణం ఏదో ఒక కంపెనీలో ఉద్యోగానికి చేరాలి. చేరనంటే చట్టం చేసైనా చేర్పించాలి!

నవ్వకండి. ఇది నేను అనుభవంతో చెబుతున్న మాట. ఇళ్ళ మీద పెట్టుకునే ప్లాస్టిక్ వాటర్ ట్యాంకులు తయారుచేసే కంపెనీలో నేను సేల్స్ మేనేజర్ని. తీరిక దొరికితే బొమ్మలు వేస్తాను. ఈ రెండూ కలిస్తే మనిషి జీవితం ఎంత నిండుగా ఉంటుందో మీకు తెలియదు. నాకైతే నిండి, పొంగి, అంచుల మీంచి కారిపోతోంది.

గదిలో ఒంటరిగా కూర్చుని బొమ్మలేసుకునే కళాకారులను తలుచుకుంటే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్ళకు సలహా చెప్పే దిక్కేది? ఆకాశానికి ఏ రంగు వేయాలో వాళ్ళే నిర్ణయించుకోవాలి. బొమ్మ పూర్తయిందో లేదో వాళ్ళే తేల్చుకోవాలి. అంత బరువు ఒక్కడి నెత్తిన పెట్టడం అన్యాయం కాదూ? అదే మా ఆఫీసులో చూడండి. నేను ఒక్క గీత గీస్తే చాలు, దాన్ని సరిచేయడానికి ఒక అంతస్తు మొత్తం పని మానుకుని లేచి వస్తుంది.

నాలో ఈ కళ ఉందన్న సంగతి ఆఫీసుకు ఎలా తెలిసిందంటారా? ఎప్పటికీ తెమలని ఒక మీటింగులో, నిద్ర ఆపుకోవడానికి మా ఎండీ గారి బొమ్మ కాగితం మూల గీశాను. గడ్డం, గడ్డం కింద ఇంకో గడ్డం, దాని కింద టై. అది కాస్తా ఆయన కంట పడింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత టాలెంటు పెట్టుకుని సేల్స్‌లో ఏం చేస్తున్నావయ్యా అన్నారు. ఆ రోజుతో నా దశ తిరిగింది.

ఆ తర్వాత ఆఫీసులో ఎవరి పుట్టినరోజైనా కార్డు నేనే వెయ్యాలి. ఎవరు రిటైరైనా వాళ్ళ మొహం నేనే గీయాలి. బాత్రూముల్లో ‘వాడిన తర్వాత నీళ్ళు పోయవలెను’ అన్న బోర్డు పక్కన నవ్వుతున్న ట్యాంకు బొమ్మ కావాలన్నారు. వేసిచ్చాను. నవ్వులో వెటకారం కనిపిస్తోందని వెనక్కి పంపారు. వాడిన తర్వాత మనిషికి ఎలాంటి నవ్వు ఎదురైతే బాగుంటుందో అప్పటి దాకా నేను ఆలోచించనే లేదు. కళ అంటే ఇదే కదా!

వెనకాల పార్కింగులో కార్లకు తెల్ల గీతలు గీయాల్సి వచ్చింది. బయటి పెయింటరెందుకు, మన ఆర్టిస్టు ఉన్నాడుగా అన్నారు. ఎండలో బోర్లా పడుకుని గీశాను. నా చిత్రాలన్నిటిలోకీ ఎక్కువమంది చూసేది అదే. కొందరైతే బండి ఆపి, దిగి మరీ చూస్తారు.

ఒక ఏడాది అమ్మకాలు పడిపోయాయి. గ్రాఫులో గీత మేడ మెట్లు దిగినట్టు కిందికి దిగింది. మా ఫైనాన్స్ పెద్దను అందరం లెక్కలాయన అంటాం. ఆయన నా భుజం మీద చెయ్యేసి, మీరు ఆర్టిస్టు కదా, ఆ చివర కొంచెం పైకి గీయలేరా అని అడిగాడు. చెప్పండి, ప్రపంచంలో ఎంత గొప్ప చిత్రకారుడినైనా పట్టుకుని ఒక సంస్థ ఇంత నమ్మకంగా ఇంత పని అప్పజెప్పిందా?

సరే, అసలు విషయానికి వస్తాను.

బళ్ళో నాకు డ్రాయింగు చెప్పిన మాస్టారు ఉన్నారు. ఆయన తన పాత శిష్యులందరి బొమ్మలూ చేర్చి ఒక హాల్లో ఎగ్జిబిషన్ పెడుతున్నానని ఫోన్ చేశారు. ఒక్కటంటే ఒక్క బొమ్మ పట్రా, కానీ అది నీ సొంతదై ఉండాలి అన్నారు. నా బొమ్మ గోడకెక్కడం అదే మొదటిసారి. వంటింట్లోకి వెళ్ళి ఆ మాట మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను. చెబితే తప్పేముంది?

పెళ్ళయిన కొత్తలో నీ బొమ్మ వేస్తానని ఆవిడకు మాటిచ్చాను. ఆ మాట ఆవిడ ఏనాడూ ఎత్తలేదు. ఎత్తకుండానే ఎత్తిపొడవడం ఆవిడకు బాగా తెలుసు. ఆ రోజు మాత్రం స్టవ్ కట్టేసి, ఇప్పుడైనా నన్ను వేస్తారా అని అడిగింది.

వేశాను. పొద్దున్నే మేడ మీద పిట్టగోడకు ఆనుకుని, చేతిలో కాఫీ కప్పుతో, మనకు వీపు పెట్టి నిలబడ్డ మా ఆవిడ. సగం ఊడిన జడ. ఎదురుగా తీగ మీద వరసగా ఏడు కాకులు, అన్నీ కప్పు వంకే చూస్తూ. గొప్పలు చెప్పుకోకూడదు గానీ, బాగా కుదిరింది. ముఖ్యంగా వీపు. ఈవిడ ఇంకాసేపు ఎవరితోనూ మాట్లాడదు అని ఆ వీపు చూస్తేనే తెలిసిపోతుంది. మా ఆవిడ దాని ముందు చాలాసేపు నిలబడింది. చివరికి, నా జడ మరీ ఇంత వదులుగా ఉంటుందా అంది. అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఒంటరి కళాకారుడైతే ఆ బొమ్మను అలాగే పట్టుకెళ్ళి గోడకు తగిలించి చేతులు దులుపుకునేవాడు. నేనంత బాధ్యత లేని మనిషినా? మా కంపెనీలో గుమ్మం దాటే ప్రతి వస్తువూ రివ్యూకు రావాలి. ట్యాంకు మూత అయినా సరే, వీడ్కోలు ఉపన్యాసం అయినా సరే. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది! ఎవరూ అడగకముందే నేనే బొమ్మను పాత దుప్పట్లో చుట్టి మీటింగు రూముకు మోసుకెళ్ళాను. ప్రొజెక్టరు పక్కన ఆనించి, కామెంట్స్ ప్లీజ్ అన్నాను.

లెక్కలాయన ముందుగా కాకులను లెక్కపెట్టాడు. ఏడెందుకు అన్నాడు. కప్పు వంక చూస్తున్నాయండీ అన్నాను. ఉన్నది ఒక కప్పు, దాన్ని చూడ్డానికి ఏడు కాకులా, రెండు చాలవా అన్నాడు. ఐదో కాకి వల్ల ఈ బొమ్మకు ప్రత్యేకంగా ఒరిగేదేమిటో చెప్పమన్నాడు. నేను ఐదో కాకి వంక చూశాను. అది కప్పు వంకే చూస్తోంది. నా తరఫున ఒక్క ముక్క మాట్లాడలేదు.

తర్వాత మార్కెటింగ్ మేడం వంతు. ఆవిడ చాలా తెలివైన మనిషి, నిజంగానే అంటున్నాను. "కస్టమర్ మనకు వీపు చూపించకూడదండీ. వీపు చూపించిందంటే పక్క కంపెనీ వైపు చూస్తున్నట్టే" అంది. ఆవిడ కస్టమర్ కాదు, మా ఆవిడ అన్నాను. మీ ఆవిడకు మాత్రం నీళ్ళు అక్కర్లేదా అంది. అంచేత మా ఆవిడ ఇటు తిరగాలని తేలింది. ఎలాగూ తిరిగింది కాబట్టి కాస్త నవ్వాలని కూడా తేలింది. చేతిలో కాఫీ బదులు గ్లాసెడు మంచినీళ్ళు ఉంటే ఆరోగ్యంగా ఉంటుందన్నారు.

ఎండీ గారు అంతా విని, మరేం పరవాలేదు, చాలా బాగుంది, మేడ మాత్రం ఎందుకో బోసిగా ఉంది అన్నారు. అందరం మేడ మీది ఖాళీ మూల వైపు చూశాం. అక్కడ ఏముండాలో మా అందరికీ ఒకేసారి తెలిసిపోయింది. పోతూ పోతూ ఆయన, ఆకాశం నీలంగా ఉందేమిటయ్యా, మన కంపెనీ రంగు ఆకుపచ్చ కదా అని గుర్తు చేశారు.

నేనేమన్నానంటారా? ‘నోటెడ్ సార్’ అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడానికి నా అనుమతి అడగదు.

లంచ్ టైముల్లో స్టోరు రూములో కూర్చుని అన్నీ దిద్దాను. మిగిలిన రెండు కాకుల్లో ఒకటి ట్యాంకు మీదికి ఎగిరేలా ఉందనీ, జనానికి నీళ్ళ శుభ్రత మీద అనుమానం వస్తుందనీ వాటినీ చెరిపించారు. బొమ్మ ఇంటికి తెచ్చి హాల్లో పెట్టాను. మా ఆవిడ టవలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. ఆకుపచ్చ ఆకాశం కింద, నిగనిగలాడే ట్యాంకు పక్కన, గ్లాసు పైకెత్తి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న మనిషిని చూసింది.

"బాగుంది. ఎవరావిడ?" అంది.

వెళ్ళి గిన్నెలు కడుక్కుంది. ఆ పూట గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడు చేశాయి. అంతకుమించి ఏమీ జరగలేదు. చూశారా, వ్యాపార రంగంలో ఉన్నవాడి సంసారం ఎంత ప్రశాంతంగా సాగుతుందో!

ఎగ్జిబిషన్ రోజున బొమ్మను పొద్దున్నే పంపించి, మేమిద్దరం మధ్యాహ్నం వెళ్ళాం. హాల్లో అన్ని గోడలూ తిరిగాను. నా బొమ్మ ఎక్కడా లేదు. ఒకచోట మాత్రం గోడ ఖాళీగా ఉంది, దాని కింద చీటీ మీద నా పేరుంది. బయటికొచ్చి వెతికితే కనిపించింది. అక్కడ పనిచేసే కుర్రాళ్ళు దాన్ని ఏదో కంపెనీ బోర్డు అనుకున్నారు. సైకిల్ స్టాండు పక్కన గేటుకు తాడుతో కట్టేశారు. గట్టిగానే కట్టారు, గాలికి ఊగకుండా. వాళ్ళను తప్పుపట్టలేం.

ఇంతలో మాస్టారు నన్ను వెతుక్కుంటూ గేటు దగ్గరికి వచ్చారు. సరిగ్గా ఆ బొమ్మ కిందే నిలబడ్డారు. తల ఎత్తితే ఆయన నెత్తికి నా ట్యాంకు తగిలేలా ఉంది.

"నీ బొమ్మ ఇంకా రాలేదేంట్రా? చోటు ఉంచాను, ఇంకెవరికీ ఇవ్వలేదు" అన్నారు.

"దారిలో ఉంది మాస్టారూ" అన్నాను.

ఆయన బోర్డు వంక ఓసారి చూసి, ఈ ప్రకటనల గోల ఇక్కడ కూడానా అని విసుక్కుని లోపలికెళ్ళిపోయారు. నేను అక్కడే నిలబడిపోయాను. నిలబడితే ఊరుకుంటారా? ఒకాయన వచ్చి ఇది ఎన్ని లీటర్లు పడుతుందండీ అని అడిగాడు. చెప్పాను. పాచి పడుతుందా అన్నాడు. మూడు పొరలండీ, ఎండ లోపలికి పోదు, పాచి మాటే ఉండదు అన్నాను. నమ్మండి, ఆయనకు ఒకటీ, ఆయన బావమరిదికి ఒకటీ అమ్మేశాను. కళా ప్రదర్శనలో అమ్ముడుపోయిన ఏకైక చిత్రకారుణ్ణి నేనే!

అమ్మేసి లోపలికి చూశాను. మా ఆవిడ ఆ ఖాళీ గోడ ముందు నిలబడి ఉంది. చుట్టూ జనం బొమ్మలు చూస్తున్నారు, ఆవిడ ఒట్టి గోడ చూస్తోంది. నాకు వీపే కనిపించింది. జడ సగం ఊడింది. నేను పిలవలేదు. పిలిచినా ఇంకాసేపు మాట్లాడదని నాకు తెలుసు.

ఇదంతా కంపెనీకి తెలిసింది. గేటు దగ్గర రెండు ట్యాంకులు అమ్మిన బొమ్మ అంటే మాటలా? ఎండీ గారు నన్ను క్రియేటివ్ హెడ్ చేశారు. అద్దాల గది ఇచ్చారు. ఇప్పుడు నాకు బొమ్మలు వేసే తీరిక లేదు, ఇతరులు వేసినవి రివ్యూ చేస్తాను. మొన్న ఎవరో వేసిన చెట్టులో కొమ్మలు ఎక్కువయ్యాయని నేనే తగ్గించాను. వేసినవాడికి తెలిసుంటే ఐదో కొమ్మ ఏం చేస్తోందో చెప్పేవాడుగా!

పోయిన వారం కొత్తగా చేరినవాళ్ళకు నాతో ఉపన్యాసం ఇప్పించారు. కళ, వ్యాపారం మనిషికి రెండు కళ్ళన్నాను. మీలో ఏ కళ ఉన్నా దాచుకోకండి, కంపెనీ ముందు పెట్టండి, అది ఎక్కడికో తీసుకెళుతుందన్నాను. చప్పట్లు మోగాయి. ఎండీ గారు లేచి నిలబడి మరీ కొట్టారు.

నా గదికి తిరిగొచ్చేసరికి అకౌంట్స్‌లో కొత్తగా చేరిన అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. లోపలికి వచ్చి, సంచిలోంచి చిన్న బొమ్మ ఒకటి తీసి నా టేబుల్ మీద పెట్టింది. తనే వేసిందట. మంగలి షాపులో కుర్చీలో ఒక పెద్దాయన మొహం నిండా సబ్బు నురగతో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. మంగలి ఆయన్ని లేపడం ఇష్టం లేక పక్క కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆ పెద్దాయన వాళ్ళ నాన్నట. నాకు నవ్వొచ్చింది. నవ్వు పూర్తికాకముందే కుళ్ళొచ్చింది. అందులో ఎక్కడా ఏదీ అమ్మకానికి లేదు.

"మీ స్పీచ్ విన్నాక ధైర్యం వచ్చింది సార్. ఎండీ గారికి కూడా చూపిద్దామనుకుంటున్నాను" అంది.

నేను లేచి వెళ్ళి తలుపు వేశాను.

"ఎవరికీ చూపించకమ్మా. ఎవరైనా అడిగితే తిన్నగా గీత గీయడం కూడా రాదని చెప్పు" అన్నాను.

"మరి ఇందాక మీరే సార్..."

"ఇందాక నా ముందు మైకు ఉందమ్మా. ముందు ఆ బొమ్మ సంచిలో పెట్టెయ్, ఎండీ గారు ఇటే వస్తున్నారు."